చేత్తో కుట్టిన బొమ్మ, డిజైన్ ఎవరిది?

విశాఖ ఎంవీపీ కాలనీలో ఆదివారాలు గుడ్డబొమ్మల క్లాసు చెబుతాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అంటారు: "నా చేత్తో కుట్టాను కదండీ, డిజైన్ నాదే. ఇంక కాగితాలెందుకు?"

అపోహల్లో ఎక్కువ ముంచేది ఇదే. 1983 క్రిస్మస్‌కి అమెరికాలో క్యాబేజ్ ప్యాచ్ కిడ్స్ బొమ్మల కోసం జనం షాపుల్లో కొట్టుకున్నారు. అంతకు ముందే కెంటకీలో మార్తా నెల్సన్ థామస్ అలాంటి గుడ్డబొమ్మలు కుట్టి, బిడ్డని దత్తతిస్తున్నట్టు ఒక కాగితంతో ఇచ్చేది. 1976లో ఒక సంతలో వాటిని చూసిన జేవియర్ రాబర్ట్స్ కొన్నాళ్లు ఆమె బొమ్మలే అమ్మాడు. ఆమె ఇవ్వనన్నాక తనే చేయించుకున్నాడు. తర్వాత కోలెకో అనే బొమ్మల కంపెనీ ఫ్యాక్టరీలో లక్షల బొమ్మలు. ఆమె కాపీరైట్ రిజిస్టర్ చేయించుకోలేదు. రాబర్ట్స్ మీద కేసు వేస్తే 1985లో రాజీతో ముగిసింది.

మన దగ్గర 2000 నాటి డిజైన్ల చట్టం ఉంది. బొమ్మ నలుగురి కంటా పడకముందే దరఖాస్తు పెట్టాలి. ఇన్‌స్టాలో పెట్టి, స్టాల్‌లో అమ్మేసి తీరిగ్గా వెళ్తే ఇది కొత్తది కాదంటారు. రిజిస్టరైతే 10 ఏళ్లు, ఆపైన ఇంకో 5. ఇంకో మెలిక: రిజిస్టర్ చేయించాల్సిన డిజైన్‌ని అలాగే వదిలేసి, మిషన్ల మీద 50కి మించి తీయిస్తే కాపీరైట్ కూడా పోతుంది. వంద పీసుల ఆర్డరొచ్చిందని ఎగిరి గంతేసే ముందు ఇది చూసుకోండి.

ఒకప్పుడు నాకూ ఇవేవీ తెలీవు. జడకుప్పెల పెళ్లికూతురు బొమ్మని చేసి ఆ రాత్రే ఫొటోలు పెట్టేశాను. ఒక షాపాయన రెండు శాంపిల్స్ పట్టుకెళ్లి మళ్లీ ఫోనెత్తలేదు. తర్వాతి దసరాకి జగదాంబ దగ్గర ఫుట్‌పాత్ మీద అదే పిల్ల, ఎడమ భుజం మీంచి ముందుకు పడ్డ అదే జడ. కుప్పెల చోట ప్లాస్టిక్ పూసలు. ధర నాదాంట్లో మూడో వంతు. "అమ్మా, మన బొమ్మే!" అని మా అమ్మాయి సంబరపడింది. ఏం చెప్పను?

బొమ్మని మనకి మనమే రిజిస్టర్డ్ పోస్టులో పంపుకుంటే హక్కు వస్తుందట! వాట్సాప్ చట్టం. పోస్టు ఖర్చు దండగ. 1983 నాటి క్యాబేజ్ బొమ్మ దొరికితే లక్షలొస్తాయన్నదీ అంతే, ఫ్యాక్టరీ సరుకు ఇళ్లనిండా ఉంది. ఏటికొప్పాక లక్క బొమ్మలకి 2017లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది, నిజమే. అది ఆ ఊరి పనితనానికి, మీరు కుట్టిన గుడ్డబొమ్మకి కాదు.

ఐఎస్‌ఐ మార్కు లేకపోతే స్టాల్ ఎత్తేస్తారని మొన్న ఒకావిడ ఏడుపు గొంతుతో ఫోన్ చేశారు. 2021 జనవరి నుంచి బొమ్మలకి ఆ మార్కు తప్పనిసరి అన్నది నిజం. కానీ కేంద్ర హస్తకళల కమిషనర్ ఆఫీసులో నమోదైన కళాకారులు చేసి అమ్ముకునే వాటికి మినహాయింపు ఉంది. టెన్షన్ పడకండి, ముందు ఆ నమోదుకిచ్చే ఆర్టిజన్ కార్డుకి అప్లై చేయండి అన్నాను. ఫొటోలు మాత్రం ఇంకా ఎక్కడా పెట్టొద్దన్నాను. పెట్టేశారట.