'వాళ్ల వంశంలోనే ఉందట': మానసిక వ్యాధులు, జన్యువులు – అపోహలు, వాస్తవాలు

మూఢం వెళ్లి ముహూర్తాలు మొదలయ్యాయంటే మా మానసిక వైద్య విభాగం ఓపీకి జబ్బేమీ లేనివాళ్ల రాక పెరుగుతుంది. వాళ్లు చీటీ రాయించుకోరు. చివరి రోగి వెళ్లేదాకా బయట బల్ల మీద కూర్చుని, లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసి మరీ అడుగుతారు. మగపెళ్లివారైతే "అమ్మాయి అన్నగారు ఏవో మందులు వాడుతున్నాడటండీ, రేపు పుట్టబోయే పిల్లలకు వస్తుందా?" అంటారు. ఆడపిల్ల తండ్రి అయితే "పెద్దవాడి సంగతి వాళ్లకు చెప్పాలంటారా, డాక్టరు గారూ?" అని గొంతు తగ్గిస్తాడు. రెండు ప్రశ్నల వెనకా ఉన్న నమ్మకం ఒకటే: మానసిక వ్యాధి రక్తంలో ఉంటుందని, ఇంట్లో ఒకరికి వచ్చిందంటే తక్కినవాళ్లకు ఏనాటికైనా తప్పదని. ఈ నమ్మకం వల్ల చెడిపోయిన సంబంధాలు ఎన్నో ఉన్నాయి. అంతకంటే బాధాకరమైనది, చెల్లెలి పెళ్లి అయ్యేదాకా అన్నను ఆసుపత్రి గడప తొక్కనివ్వకపోవడం. అందువల్ల ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దీనికే కేటాయిస్తున్నాను. మిగతావాటి గురించి క్లుప్తంగానే చెబుతాను.

అపోహ: ఇంట్లో ఒకరికి స్కిజోఫ్రెనియా ఉంటే తరువాతి తరానికి తప్పదు

స్కిజోఫ్రెనియా అంటే లేని మాటలు వినిపించడం, ఆధారం లేని అనుమానాలు బలపడడం వంటి లక్షణాలుండే తీవ్రమైన మానసిక వ్యాధి. ముందు అంకెలు చూద్దాం. డెన్మార్క్‌లో ప్రతి పౌరుడి ఆసుపత్రి వివరాలూ జాతీయ రిజిస్టర్లలో ఉంటాయి. వాటి ఆధారంగా సుమారు 27 లక్షల మందిని పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, తల్లిదండ్రులిద్దరికీ ఈ వ్యాధి లేనప్పుడు పిల్లలకు 52 ఏళ్ల వయసులోగా వచ్చే అవకాశం 0.86 శాతం, ఒకరికి ఉంటే 7 శాతం, ఇద్దరికీ ఉంటే 27 శాతం. అంటే తండ్రికో తల్లికో స్కిజోఫ్రెనియా ఉన్న నూరుమంది పిల్లల్లో 93 మందికి అది రాదు. ఇక పెళ్లిచూపుల్లో చర్చకు వచ్చే విషయం ఇంత దగ్గరిది కూడా కాదు. అమ్మాయి అన్నకు వ్యాధి ఉంటే, ఆ అమ్మాయికి పుట్టబోయే పిల్లలు అతనికి మేనల్లుళ్లు, మేనకోడళ్లు అవుతారు. ఐరోపాలో జరిగిన పాత కుటుంబ అధ్యయనాలన్నింటినీ కలిపి చూసినప్పుడు ఆ చుట్టరికంలో తేలిన ముప్పు 4 శాతం. ఎవరికీ ఏ జబ్బూ లేదని ఊరంతా మెచ్చుకునే కుటుంబంలో కూడా ఈ ముప్పు ఒక శాతం దగ్గర ఉండనే ఉంటుంది.

ముప్పు కొంత పెరుగుతుందన్నది నిజమే, దాన్ని నేను దాచను. స్కిజోఫ్రెనియా, బైపోలార్ డిజార్డర్ (అతి ఉత్సాహం, కుంగుబాటు మారి మారి వచ్చే వ్యాధి), డిప్రెషన్, ఆటిజం, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం) అనే అయిదు సమస్యల వెనక ఉన్న జన్యు కారణాలు కొంతమేర ఉమ్మడివని 2013లో అంతర్జాతీయ పరిశోధక బృందం చూపింది. కాబట్టి స్కిజోఫ్రెనియా ఒక్కదాన్నే కాక డిప్రెషన్ వంటి వాటిని కూడా లెక్కలో చేరిస్తే, తల్లిదండ్రుల్లో ఒకరికి వ్యాధి ఉన్న పిల్లల విషయంలో పైన చెప్పిన అంకె పెరుగుతుంది. అయితే ముప్పు పెరగడం ఒకటి, వ్యాధి తప్పకపోవడం మరొకటి. ఆ రెంటినీ కలిపేయడం వల్లనే ఇంత నష్టం జరుగుతోంది.

అమెరికాలో ఉన్న కొడుకు ఫోనుకు పంపిన వ్యాసం చూపించి, "ఇందులో 80 శాతం వంశపారంపర్యమని రాశారు, మీరేమో 7 శాతం అంటున్నారు" అని నిలదీసిన తండ్రులు ఉన్నారు. ఆ రెండు అంకెలూ సరైనవే. స్కిజోఫ్రెనియా హెరిటబిలిటీ దాదాపు 80 శాతమన్నది నిజం. కానీ అది ఒక జనాభాలో మనిషికీ మనిషికీ మధ్య కనిపించే తేడాల్లో జన్యువుల పాలు ఎంతో చెప్పే లెక్క; ఫలానా వ్యక్తికి వ్యాధి వచ్చే అవకాశాన్ని అది చెప్పదు. ఎత్తు హెరిటబిలిటీ కూడా 80 శాతానికి అటూ ఇటూగానే ఉంటుంది. అయినా దక్షిణ కొరియా మహిళల సగటు ఎత్తు ఒక్క శతాబ్దంలో సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. అంత తక్కువ కాలంలో వాళ్ల జన్యువులు మారలేదు. తిండి, ఆరోగ్యం మారాయి. స్కిజోఫ్రెనియా సంగతి కూడా అంతే. ఒకే జన్యు సంపదతో పుట్టిన ఏకరూప కవలల్లో ఒకరికి ఈ వ్యాధి ఉంటే రెండోవారికి కూడా వచ్చేది సగం కేసుల్లో కూడా కాదు. డెన్మార్క్ కవలల రిజిస్టరులో అది మూడోవంతు దగ్గర ఆగింది. 1944–45 చలికాలంలో జర్మన్ దిగ్బంధం వల్ల పశ్చిమ నెదర్లాండ్స్‌లో కరవు వచ్చినప్పుడు, ఆ కరవు తీవ్రంగా ఉన్న నెలల్లో గర్భాన పడినవారిలో స్కిజోఫ్రెనియా రెట్టింపు కనిపించింది. కాన్పు సమయంలో వచ్చే చిక్కులు, కౌమారంలో గంజాయి అలవాటు, తండ్రి వయసు బాగా ముదరడం వంటివి కూడా ముప్పును పెంచేవే. వీటిలో గంజాయి ఒక్కటే మన చేతిలో ఉన్నది. ఇంట్లో ఎవరికైనా ఈ వ్యాధి ఉన్న కుర్రవాళ్లకు నేను గట్టిగా చెప్పేది దాని గురించే.

"ఆ జన్యువు మా అమ్మాయిలో ఉందో లేదో పరీక్ష చేయండి" అని అడిగేవారికి నేను మొదట చెప్పేది, అలాంటి ఒక్క జన్యువు లేదని. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి సరిగ్గా సగం అవకాశంతో సంక్రమించే హంటింగ్టన్ వ్యాధి (మెదడు క్రమంగా దెబ్బతినే జబ్బు) లాంటివి ఉన్నాయి. నాలుగో క్రోమోజోము మీదున్న దాని జన్యువును 1993లో గుర్తించారు. జనం మనసులో ఉన్న చిత్రం అలాంటి వ్యాధిదే, దాన్నే తెచ్చి స్కిజోఫ్రెనియాకు అంటగడతారు. 2022లో వెలువడిన, అప్పటికి అతిపెద్దదైన అధ్యయనంలో 76,755 మంది రోగుల డీఎన్‌ఏను వ్యాధి లేని 2,43,649 మంది డీఎన్‌ఏతో పోల్చి చూస్తే, జీనోములో (మొత్తం డీఎన్‌ఏలో) 287 చోట్ల వ్యాధితో సంబంధమున్న తేడాలు బయటపడ్డాయి. ఒక్కొక్క తేడా ప్రభావం అత్యల్పం. అలాంటివి ఇంకా వేలల్లో ఉంటాయని అంచనా. అవి కొన్ని మీలో ఉన్నాయి, నాలో ఉన్నాయి, సంబంధం వద్దని లేచి వెళ్లిపోయిన పెద్దమనుషుల్లో కూడా ఉన్నాయి. అవి లేని వంశాన్ని ఏ పెళ్లిళ్ల పేరయ్యా వెతికి తేలేడు.

అలాంటి వంశాన్ని తయారు చేయాలని ఒక దేశం ప్రయత్నించింది కూడా. మ్యూనిక్‌కు చెందిన మానసిక వైద్యుడు ఎర్నస్ట్ రూడిన్ స్కిజోఫ్రెనియా రోగుల తోబుట్టువులపై 1916లో అధ్యయనం ప్రచురించాడు. 1933 జూలైలో నాజీ ప్రభుత్వం నిర్బంధ వంధ్యీకరణ (బలవంతంగా పిల్లలు పుట్టకుండా చేసే) చట్టం తెచ్చినప్పుడు దానికి వ్యాఖ్యానం రాసినవారిలో ఆయన ఒకడు. ఆ తరువాతి పన్నెండేళ్లలో స్కిజోఫ్రెనియా ఉన్నవారిని కనీసం 2,20,000 మందిని వంధ్యులను చేయడమో చంపడమో జరిగిందని పరిశోధకుల అంచనా. అది ఆనాటి జర్మనీలో ఆ వ్యాధి ఉన్నవారిలో అత్యధికులతో సమానం. యుద్ధానంతరం అక్కడ వ్యాధితో బతుకుతున్నవారి సంఖ్య సహజంగానే తగ్గింది, కానీ కొత్తగా వ్యాధి వచ్చేవారి రేటు ఏమాత్రం తక్కువగా లేదు. ఈ వ్యాధి వచ్చిన వాళ్లలో ఎక్కువమందికి దగ్గరి బంధువుల్లో అది ఉన్నవాళ్లే ఉండరు కాబట్టి, వంశం చూసి ఏరివేయడం అంత దారుణంగా చేసినా ఫలించలేదు.

ఇక దాచిపెట్టడం గురించి చెప్పాలి. ఒక కుటుంబం తమ పెద్దకొడుకు గల్ఫ్‌లో ఉన్నాడని వియ్యాలవారికి చెప్పింది. ఆ అబ్బాయి మాత్రం ఇంటి వెనక గదిలోనే ఉన్నాడు. పెళ్లి అయి, అప్పగింతలు అయి, పదహారు రోజుల పండుగ కూడా గడిచాక మా దగ్గరికి తీసుకొచ్చారు. జుట్టు జడలు కట్టింది, కాలిగోళ్లు వంకర తిరిగి వేళ్లలోకి దిగాయి, చేతికి గాజు గ్లాసు ఇస్తే దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి, అందులో ఏం కలిపారోనని చాలాసేపు చూశాడు. మందులు పనిచేశాయి, కానీ మొదటి నెలల్లోనే తెచ్చి ఉంటే కోలుకోగలిగినంతగా కోలుకోలేదు. చికిత్స లేకుండా గడిచిన కాలం పెరిగేకొద్దీ ఫలితం తగ్గుతుందని అధ్యయనాలు చెబుతున్నది సరిగ్గా ఇదే. "ఆడపిల్ల పెళ్లి అయ్యాక చూద్దామనుకున్నామండీ" అన్నాడు ఆ తండ్రి. ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆయన చేత ఆ పని చేయించిన ఊరి నోటి మీద మాత్రం వచ్చింది.

అందువల్ల చెప్పాలా వద్దా అని అడిగినవారికి నా సమాధానం, చెప్పమనే. అయితే "మావాడికి బాగోలేదు" అని నసిగి ఊరుకోకుండా, వ్యాధి పేరూ పైన రాసిన అంకెలూ సహా చెప్పాలి. కావాలంటే అవతలివారిని కూడా వెంటబెట్టుకు రమ్మంటాను. అలా రెండు కుటుంబాలూ ఒకే బల్ల మీద కూర్చుని విన్న సందర్భాలు ఉన్నాయి. కొన్ని సంబంధాలు కుదిరాయి, కొన్ని కుదరలేదు. ఎదుటివారి ఇంటి రోగి వివరాలు మాత్రం ఎవరూ నన్ను అడగవద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం వాటిని గోప్యంగా ఉంచడం నా బాధ్యత.

అపోహ: జన్యువుల వల్ల వచ్చినది మందులకు లొంగదు

ఇందులో తర్కమే లేదు. కారణం పూర్తిగా జన్యువే అయినా చికిత్స పూర్తిగా పనిచేసే వ్యాధులు ఉన్నాయి, వాటిలో ఒకటి మా విభాగానికే వస్తుంది. బాగా చదివే ఇంటర్ విద్యార్థి చిరాకు పడుతున్నాడని, ఊరికే ఏడుస్తున్నాడని, చదువు చెడిందని తీసుకొచ్చారు. గాలి సోకిందని అప్పటికే తాయెత్తు కట్టించారు. తల్లి తెచ్చిన రెండు నోటుపుస్తకాలు పక్కపక్కన పెట్టి చూస్తే, ఏడాది కిందటి గుండ్రని అక్షరాలు ఈ ఏడాది వణికి గీతలు దాటిపోయాయి. మాట కూడా కొంచెం ముద్దగా ఉంది. కంటి వైద్యుడు స్లిట్ ల్యాంప్‌లో నల్లగుడ్డు అంచు చుట్టూ పసుపు, గోధుమ, ఆకుపచ్చ కలిసిన సన్నని వలయం చూశాడు. అది విల్సన్ వ్యాధి. ఏటీపీ7బీ అనే జన్యువులో లోపం వల్ల రాగి బయటికి పోక కాలేయంలోను, మెదడులోను పేరుకుంటుంది. పెనిసిలమిన్, జింకు వంటి మందులతో దాన్ని అదుపులో పెట్టవచ్చు, కానీ జీవితాంతం ఆపకూడదు. తల్లిదండ్రులిద్దరూ వాహకులు (లోపమున్న జన్యువు ఒక్కటే ఉండి, తమకు జబ్బు లేనివారు) కాబట్టి ప్రతి తోబుట్టువుకూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. అందువల్ల ఏ లక్షణమూ లేని చెల్లెలికి కూడా సెరులోప్లాస్మిన్ (రక్తంలో రాగిని మోసే ప్రొటీన్), ఇరవై నాలుగు గంటల మూత్రంలో రాగి పరీక్షలు చేయించాం. ఆమెకు కూడా వ్యాధి ఉన్నట్లు తేలింది. జింకు మొదలుపెట్టడంతో ఆమె అక్షరాలు చెదరలేదు.

అపోహ: మేనరికమే అన్నింటికీ మూలం

పాక్షికంగా నిజం. విల్సన్ వ్యాధి లాంటి, తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందితేనే వచ్చే వ్యాధులు, కొన్ని రకాల బుద్ధిమాంద్యం మేనరికాల్లో, మేనమామ–మేనకోడలు వివాహాల్లో ఎక్కువగా బయటపడతాయి. స్కిజోఫ్రెనియా, బైపోలార్ వంటివాటిని మేనరికానికి అంటగట్టడానికి అంత బలమైన ఆధారం లేదు. గోత్రం వేరైతే చాలనుకోవడం కూడా పొరపాటే. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న 2017 అధ్యయనంలో, తరతరాలుగా కులంలోపలే పెళ్లిళ్లు చేసుకున్న అనేక దక్షిణాసియా సముదాయాల్లో కొద్దిమంది పూర్వీకుల నుంచి వచ్చిన జన్యు ముద్ర బలంగా కనిపించింది. అందుకు ఉదాహరణ మన వైశ్యులే. బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం వారిలో మిగతావారికంటే చాలా ఎక్కువ. మామూలు జీవితంలో దానివల్ల ఇబ్బంది ఉండదు కానీ, ఆపరేషన్ ముందు కండరాలు సడలించే సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తే కండరాల సడలింపు గంటల తరబడి వదలదు. బంధువుల్లో ఎవరికైనా అలా జరిగి ఉంటే మత్తు డాక్టరుకు ముందుగా చెప్పడం మరిచిపోకండి.

అపోహ: లాలాజలం పంపితే భవిష్యత్తు తెలిసిపోతుంది

లాలాజలంలోని డీఎన్‌ఏ చూసి ముప్పు చెబుతామనే పరీక్షలు డబ్బు దండగ. స్కిజోఫ్రెనియాకు ఇప్పుడున్న పాలిజెనిక్ స్కోరు (అనేక జన్యు తేడాలను కూడి ముప్పును అంచనా వేసే అంకె) వ్యక్తుల మధ్య ముప్పు తేడాల్లో దాదాపు 7 శాతాన్ని మాత్రమే వివరించగలదు. అది కూడా ప్రధానంగా ఐరోపా మూలాలున్నవారి డీఎన్‌ఏతో తయారైనది కాబట్టి మనవాళ్ల విషయంలో ఇంకా బలహీనం. పనికొచ్చే పరీక్షలు వేరే ఉన్నాయి. సైకోసిస్‌తో (వాస్తవంతో సంబంధం తెగే స్థితితో) పాటు పుట్టుకతో గుండె లోపం, అంగిలి చీలిక, చదువులో వెనకబాటు ఉంటే 22క్యూ11.2 లోపం (22వ క్రోమోజోములో చిన్న ముక్క లేకపోవడం) కోసం క్రోమోజోమల్ మైక్రోఅర్రే అనే జన్యు పరీక్ష చేయించడం సబబు. ఆ లోపం ఉన్నవారిలో దాదాపు నాలుగోవంతు మందికి పెద్దయ్యాక స్కిజోఫ్రెనియా వస్తుంది. మూర్ఛకు, బైపోలార్‌కు వాడే కార్బమజెపైన్ మొదలుపెట్టే ముందు చేసే హెచ్‌ఎల్‌ఏ–బి 15:02 పరీక్ష, ప్రాణాంతకమైన చర్మ ప్రతిచర్యను నివారించడానికి తోడ్పడుతుంది.

తల్లి పెంపకం వల్ల ఆటిజం వస్తుందన్న మాట, టీకాల వల్ల వస్తుందన్న మాట ఎప్పుడో కొట్టివేసినవి. టీకాల సంగతి లేవదీసిన 1998 నాటి వ్యాసాన్ని పత్రికే 2010లో ఉపసంహరించుకుంది. ఇంతకుమించి వాటి గురించి రాయను.

అపోహ: గర్భం వస్తే మందులన్నీ ఆపేయాలి

బిడ్డకు జబ్బు వస్తుందేమోనన్న భయంతో, నెల తప్పగానే మందులన్నీ ఒక్కసారిగా మానేసే అమ్మాయిలున్నారు. ముందే ఆలోచించవలసిన మందు, బైపోలార్‌కు, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్. దాన్ని గర్భంలో వాడితే నూటికి పదిమంది శిశువుల్లో పుట్టుక లోపాలు, 30 నుంచి 40 శాతం మందిలో ఎదుగుదల, తెలివితేటల సమస్యలు కనిపించాయి. గర్భం దాల్చే వయసులో ఉన్నవారికి వీలైనంతవరకు దాన్ని రాయకూడదు. ఇప్పటికే వాడుతుంటే గర్భానికి ముందే డాక్టరుతో మాట్లాడి మార్చుకోవాలి. బైపోలార్‌కు వాడే లిథియం హఠాత్తుగా ఆపితే వ్యాధి తిరగబెట్టే ప్రమాదం చాలా ఎక్కువ. బైపోలార్ ఉన్న స్త్రీకి ప్రసవం తరువాతి వారాలు మరీ గడ్డుకాలం. కాబట్టి పిల్లలు కావాలనుకున్న రోజునే, నెల తప్పక ముందే, వాడుతున్న మందుల చీటీలన్నీ తీసుకుని భర్తతో కలిసి రండి. అత్తగారు వస్తానంటే ఆవిడను కూడా తీసుకురండి.