మురుగునీళ్లలో దోమపిల్ల ఎందుకు చావదు?

మురుగు కాలవలో చేపని వదిలితే కాసేపట్లో వెల్లకిలా తేలుతుంది. దోమ లార్వాలు, అంటే దోమపిల్లలు మాత్రం అదే నీళ్లలో తలకిందులుగా వేలాడుతూ సుబ్బరంగా పెరిగిపోతాయి. ఎందుకంటే అవి ఊపిరి కోసం నీటి మీద ఆధారపడవు. క్యూలెక్స్, ఏడిస్ అనే రకాల దోమల లార్వాలకి తోక వైపు ఒక చిన్న గొట్టం ఉంటుంది, దాని కొసని నీటిపైకి ఆనించి నేరుగా గాలి పీల్చుకుంటాయి. అనాఫిలిస్ అనే రకానికి ఆ గొట్టం లేదు కాబట్టి నీటి పైపొర కిందే అడ్డంగా పడుకుంటుంది. మాన్సోనియా అయితే మరీ విచిత్రం, నీటి మొక్కల వేళ్లలోకి గొట్టం గుచ్చి అక్కడున్న గాలిని లాక్కుంటుంది.

అందుకని నీళ్లలో కరిగిన ఆక్సిజన్ తగ్గిపోతే దోమపిల్లకి పెద్దగా పోయేదేమీ లేదు. పోయేది దాన్ని తినే చేపలు. పైగా కుళ్లే చెత్త మీద పెరిగే బ్యాక్టీరియానే దానికి తిండి. అంటే తిండి పుష్కలం, శత్రువులు తక్కువ. పొలాల్లో నత్రజని ఎరువు వేశాక వరిమళ్లలో అనాఫిలిస్ లార్వాలు పెరగడానికి కూడా ఇలా తిండి పెరగడం ఒక కారణం.

ఏడిస్ గుడ్లు ఆక్సిజన్ తగ్గడాన్ని ఏకంగా సిగ్నల్‌గా వాడుకుంటాయి. తొట్టి గోడకి అంటుకుని నెలల తరబడి ఎండిపోయి ఉన్న గుడ్డు నీళ్లు తగలగానే పొదగాలని లేదు. నీళ్లలో బ్యాక్టీరియా పెరిగి ఆక్సిజన్ పడిపోయిందంటే తిండి తయారైందని అర్థం, అప్పుడు బయటికొస్తుంది. ల్యాబుల్లో గుడ్లన్నీ ఒకేసారి పొదగాలంటే నీళ్లని మరిగించి చల్లార్చి, అందులోని ఆక్సిజన్ తీసేసి వాడతారు.

అసలు ఇబ్బంది ఉప్పుతో. మంచినీళ్లలో ఉండే లార్వా ఒంట్లో ఉప్పు ఎక్కువ, బయట తక్కువ, కాబట్టి నీరు లోపలికి ఊరుతూనే ఉంటుంది, ఉప్పు బయటికి కారిపోతూ ఉంటుంది. ఆ లోటు పూడ్చడానికి తోక చివర వేళ్లలాంటి నాలుగు పారదర్శకమైన తిత్తులుంటాయి, అవి నీళ్లలోంచి లవణాలని లాగుతాయి. 1930లలో బ్రిటిష్ శాస్త్రవేత్త విగుల్స్‌వర్త్ వీటి పని తేల్చాడు. డిస్టిల్డ్ వాటర్ లాంటి పలచటి నీళ్లలో పెంచితే ఈ తిత్తులు పొడుగ్గా ఉబ్బుతాయి, ఉప్పగా ఉన్న నీళ్లలో పెంచితే కుంచించుకుపోతాయి. మైక్రోస్కోప్ కింద ఆ తోకని చూసి అది పెరిగిన నీళ్లు ఎలాంటివో ఊహించవచ్చన్నమాట!

అమెరికా తీరాల ఉప్పు చిత్తడుల్లో ఉండే ఏడిస్ టేనియోరింకస్ దారి వేరు. అది సముద్రపు నీళ్లే తాగేసి, పేగు చివరి భాగంతో అదనపు ఉప్పుని బయటికి తోసేస్తుంది. డెంగ్యూ దోమ ఏడిస్ ఈజిప్టైకి ఈ ఏర్పాటు లేదు కాబట్టి మంచినీళ్లకే పరిమితమని చాలాకాలం నమ్మారు. 2011లో వచ్చిన పరిశోధనలో శ్రీలంక తీరప్రాంతాల పాత బావుల్లో, వదిలేసిన పడవల్లో, కొద్దిగా ఉప్పగా ఉన్న నీళ్లలో కూడా అది దొరికింది. ఆ నమ్మకం మీద ఆధారపడి తీరప్రాంతాల్లో ఉప్పునీటి గుంటల వైపు చూడకపోతే దోమ మనకంటే ముందుంటుంది.

పీహెచ్ సంగతికొస్తే ఈ ఏడిస్ దోమపిల్లలు రెండూ 4 నుంచి 11 దాకా తట్టుకోగలవు, అంటే పుల్లటి నీళ్లయినా సబ్బునీళ్లంత క్షారమైనా వాటికి సరే. అయితే సబ్బునీళ్లలో వాటిని చంపేది క్షారం కాదు, తలతన్యత, అంటే నీటి పైపొర బిగుతు తగ్గిపోవడం. గొట్టం కొస నీటిపైన నిలబడక లార్వా మునిగిపోతుంది. నూనె పోసినా కథ ఇలాగే ఉంటుంది, గాలి దారి మూసుకుపోతుంది. తాగునీటిలో వేసే మోతాదులో క్లోరిన్ మాత్రం లార్వాని చంపడానికి చాలదు.

మనకి కలిసొచ్చిన విషయం ఇంకోటుంది. లార్వా పేగు ముందు భాగం విపరీతమైన క్షారం, పీహెచ్ 10 పైనే. 1976లో ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో ఒక గుంటలో దొరికిన బీటీఐ అనే బ్యాక్టీరియా స్ఫటికాల రూపంలో దోమపిల్లని చంపే విషం తయారుచేస్తుంది, ఆ స్ఫటికాలు కరగాలంటే అలాంటి క్షారమే కావాలి. మన పొట్టలో ఆమ్లం కాబట్టి మనకేం కాదు. చిక్కల్లా మురికి నీళ్లలోనే: స్ఫటికాలు చెత్తకి అంటుకుని అడుక్కి దిగిపోతాయి, లార్వా నోటిదాకా వెళ్లేవి తక్కువ. అందుకే క్యూలెక్స్ ఉండే మురుగు గుంటలకి లైసినిబాసిల్లస్ స్ఫేరికస్ అనే ఇంకో బ్యాక్టీరియాని వాడతారు, అది మురికిలో ఎక్కువ రోజులు నిలుస్తుంది. కానీ ఏడిస్ ఈజిప్టై మీద దాని ప్రభావం అంతంతమాత్రమే, క్యూలెక్స్‌లోనూ కొన్నిచోట్ల దాన్ని తట్టుకునే రకాలు ఇప్పటికే పుట్టాయి.