సాల్మన్ బతికేది ఊట నీటి మీదే: స్కాట్, షాస్తా నదుల వందేళ్ల తగాదా

ఆగస్టులో ఉత్తర కాలిఫోర్నియాలోని స్కాట్ లోయలో ఎండ 38 డిగ్రీలు దాటడం మామూలే. కరువు ఏడాదైతే అప్పటికి స్కాట్ నది చాలా చోట్ల పారడం మానేస్తుంది. ఎటు చూసినా గులకరాళ్లు, మధ్యమధ్య మడుగులు. ఒక మడుగులో నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి, అందులో సాల్మన్ కనిపించదు. ఇంకో మడుగులో ఒడ్డు పక్క రాళ్ల సందుల్లోంచి చల్లటి ఊట దిగుతుంటుంది. వేలెడంత కోహో సాల్మన్ పిల్లలు ఆ ఊట దగ్గరే గుంపుగా చేరి ఉంటాయి. పైనుంచి చూస్తే రెండు మడుగులూ ఒకేలా ఉంటాయి, తేడా అంతా నేల కింద ఉంది.

ఆ నేల కింది నీళ్ల మీద ఎవరికి హక్కు అన్న తగాదా స్కాట్, షాస్తా నదులు పారే సిస్కియూ కౌంటీలో వందేళ్లుగా నడుస్తోంది. లూసర్న్ గడ్డి పండించే రైతులు, పశువుల పెంపకందారులు ఒక వైపు. నదినీ చేపనూ నమ్ముకున్న కారుక్, యూరోక్ తెగలు, సముద్రపు జాలర్లు మరో వైపు. కానీ తగాదాకు మూలం వీళ్లెవరూ కాదు. ఒకే నీటిని చట్టం నది నీరు, భూగర్భ జలం అని రెండుగా చీల్చడమే అసలు మూలం.

ముందు చేప సంగతి చూద్దాం. సాల్మన్ ఏట్లో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్లీ ఏటికే తిరిగొస్తుంది. అందులో చినూక్, కోహో రెండు రకాలు. చినూక్ సాల్మన్ పిల్లల్లో ఎక్కువ భాగం పుట్టిన కొద్ది నెలలకే, వేసవి ముదరకముందే సముద్రం దారి పడతాయి. కోహో అలా కాదు, ఏడాదికి పైగా వాగుల్లోనే పెరుగుతుంది. అంటే కనీసం ఒక నిండు వేసవిని ఏట్లోనే గట్టెక్కాలి. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2003లో వాయవ్య రాష్ట్రాల నదుల కోసం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, సాల్మన్ పిల్లలు బాగా పెరిగే ముఖ్యమైన చోట్ల నీటి గరిష్ఠ ఉష్ణోగ్రత 16 డిగ్రీలు దాటకూడదు, గుడ్లు పెట్టే చోట 13 దాటకూడదు. ఏడు రోజుల గరిష్ఠాల సగటు మీద ఈ లెక్క కడతారు. జూలై, ఆగస్టుల్లో స్కాట్, షాస్తా వెళ్లి కలిసే క్లామత్ ప్రధాన నది 24 డిగ్రీలు కూడా దాటేస్తుంది. అప్పుడు చేప పిల్లలు చల్లటి ఉపనదులు వచ్చి కలిసే చోట్లకు చేరి ప్రాణాలు నిలుపుకుంటాయి.

ఈ చల్లదనాన్ని ఇచ్చేది భూగర్భ జలమే. నేల లోపలి నీటి ఉష్ణోగ్రత దాదాపు ఆ ప్రాంతపు ఏడాది సగటు గాలి ఉష్ణోగ్రతకు దగ్గరగా నిలకడగా ఉంటుంది. అందుకే ఊట కలిసే చోట నది వేసవిలో చల్లగా, చలికాలంలో కాస్త వెచ్చగా ఉంటుంది. పగటికీ రాత్రికీ మధ్య హెచ్చుతగ్గులు కూడా తగ్గుతాయి.

ఎండాకాలంలో ఏటి ఇసుకలో చెలమ తవ్వినవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. పైన ఇసుక కాలిపోతున్నా చెలమలో చల్లటి నీళ్లు ఊరుతాయి. పారే నదిలోనూ ఇదే జరుగుతుంది. నీరు అడుగున ఉన్న గులకరాళ్లలోకి దిగి, లోలోపల కొంత దూరం ప్రయాణించి, మళ్లీ పైకి వస్తుంది. ఆ పొరకు ప్రత్యేకంగా పేరు పెట్టి ఒక జీవావరణంగా గుర్తించినవాడు రొమేనియా శాస్త్రవేత్త ట్రయాన్ ఒర్గిదాన్, 1959లో. అది ఎంత దూరం విస్తరిస్తుందో 1988లో జాక్ స్టాన్‌ఫర్డ్, జేమ్స్ వార్డ్ చూపించారు. మోంటానాలో ఫ్లాట్‌హెడ్ నదికి 2 కిలోమీటర్ల దూరంలో ఉన్న బావుల్లో వాళ్లకు నదిలో ఉండే పురుగుల పిల్లదశలు దొరికాయి. నది ఒడ్డు దగ్గరే నది అయిపోదని చెప్పడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు కనబడదు.

సాల్మన్ గుడ్లు పెట్టేది కూడా ఆ రాళ్ల పొరలోనే. ఆడ చేప తోకతో గులకరాళ్లను చిమ్మి గుంట చేసి, గుడ్లు పెట్టి, మళ్లీ రాళ్లతో కప్పేస్తుంది. నెలల తరబడి ఆ గుడ్లు రాళ్ల సందుల్లో కదిలే నీటిలోని ఆక్సిజన్ మీదే బతకాలి. ఊట ఉంటే చాలు, అంతా మేలే అనుకోవడానికీ లేదు. చాలా కాలం నేలలో నిలవ ఉన్న నీటిలో ఆక్సిజన్ తక్కువగా ఉంటుంది. అలాంటి నీరు ఊరే చోట పెట్టిన గుడ్లు చచ్చిపోవడం స్కాట్లాండ్‌లోని గిర్నాక్ వాగులో పరిశోధకులు గమనించారు.

ఇక షాస్తా నది. 4,322 మీటర్ల ఎత్తున్న షాస్తా అగ్నిపర్వతం మీద కరిగిన మంచు బొరియలతో నిండిన రాతిలోకి ఇంకి, లోయలో బిగ్ స్ప్రింగ్స్ దగ్గర పైకి ఉబుకుతుంది. ఏడాది పొడవునా ఆ నీరు 11, 12 డిగ్రీల దగ్గరే ఉంటుంది. పైగా రాతిలోని నైట్రోజన్, ఫాస్ఫరస్ మోసుకొస్తుంది కాబట్టి నీటి మొక్కలు, వాటి మీద పురుగులు, ఆ పురుగులు తిని చేప పిల్లలు ఏపుగా పెరుగుతాయి. 1931లో షాస్తా నదికి తిరిగొచ్చిన చినూక్ సాల్మన్ లెక్క 80 వేలు దాటింది. అప్పటికే 1928లో కట్టిన డ్విన్నెల్ ఆనకట్ట ఎగువ దారి మూసేసింది. ఆ తర్వాత తిరిగొచ్చే చేపలు తగ్గిపోతూ వచ్చాయి.

చల్లటి నీరు పుట్టినంత మాత్రాన చల్లగా ఉండిపోదు. బిగ్ స్ప్రింగ్స్ వాగు పొడవు మూడున్నర కిలోమీటర్లే. ఏళ్ల తరబడి పశువులు దిగి తొక్కడంతో నీటి మొక్కలు పోయాయి, వాగు వెడల్పయి లోతు పోగొట్టుకుంది. పలచగా పరుచుకున్న నీటిని ఎండ ఇట్టే వేడెక్కించేది. 2009లో నేచర్ కన్జర్వెన్సీ అనే ప్రకృతి పరిరక్షణ సంస్థ ఆ భూమిని కొని వాగు చుట్టూ కంచె వేయించింది. ఆ ఒక్క వేసవిలోనే మొక్కలు ఒత్తుగా లేచాయి. అవి ప్రవాహాన్ని ఇరుకు చేసి లోతు పెంచాయి, నీడ కూడా ఇచ్చాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకుల కొలతల్లో నీటి గరిష్ఠ ఉష్ణోగ్రత కొన్ని డిగ్రీలు తగ్గింది. కోహో పిల్లలు మళ్లీ అక్కడ పెరగసాగాయి. ఒక కంచెతో ఇంత మార్పు రావడం నాకు ఇప్పటికీ ఆశ కలిగించే విషయం.

స్కాట్ నది కథ ఇంకా పాతది. బీవర్లనే జంతువులు చెట్లు కొరికి వాగులకు అడ్డుకట్టలు కడతాయి. అవి అంత ఎక్కువగా ఉండేవి కాబట్టే తొలినాళ్లలో దీన్ని బీవర్ లోయ అనేవారు. వాటి కట్టల వెనక నిలిచిన నీరు నేలలోకి ఇంకి వేసవంతా ఊటగా నదికి చేరేది. 1830లలో హడ్సన్స్ బే కంపెనీ వేటగాళ్లు బొచ్చు కోసం వాటిని దాదాపు ఊడ్చేశారు. 1850లలో బంగారం కోసం జనం ఎగబడ్డారు. 1930, 40లలో తవ్వకపు యంత్రాలు కలహాన్ ఊరి దగ్గర నది అడుగునంతా తిరగదోడి పోసిన రాళ్ల గుట్టలు ఈనాటికీ అలాగే ఉన్నాయి.

ఇప్పుడు చట్టం దగ్గరికి వద్దాం. 1914లో అమల్లోకి వచ్చిన కాలిఫోర్నియా నీటి చట్టం నదుల నీటికి, నేల కింద స్పష్టమైన దారిలో పారే ప్రవాహాలకు మాత్రమే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి చేసింది. నేలలో ఇంకి వ్యాపించే మామూలు భూగర్భ జలాన్ని వదిలేసింది. 1932లో షాస్తా నది వాటాలను కోర్టు తేల్చినప్పుడు కూడా బావుల ఊసు రాలేదు. బావి నీరు చివరకు ఎక్కడి నుంచి వస్తుందో, దగ్గరి నదిని ఎలా తగ్గిస్తుందో అమెరికా భూగర్భ సర్వే శాస్త్రవేత్త చార్లెస్ థీస్ 1940, 41లలోనే లెక్కలతో సహా చెప్పాడు. శాస్త్రం చెప్పినా చట్టం దశాబ్దాల పాటు కదల్లేదు.

ఈలోగా లోయలో స్ప్రింక్లర్లు వచ్చాయి, 1977 కరువు తర్వాత బావులు పెరిగాయి. రాబర్ట్ వాన్ కిర్క్, సేథ్ నామన్ 2008లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం 1950ల నుంచి స్కాట్ లోయలో సాగుకు తోడే నీరు ఏడాదికి 4.8 కోట్ల ఘనపు మీటర్ల నుంచి 10.3 కోట్లకు పెరిగింది. మన లెక్కలో దాదాపు 1.7 టీఎంసీల నుంచి 3.6 టీఎంసీలకు. వేసవి ప్రవాహం తగ్గడంలో వాతావరణం వాటా 39 శాతమనీ, మిగతాది స్థానిక కారణాల వల్లేననీ వాళ్లు తేల్చారు.

నిజానికి స్కాట్ నదికి ఒక అవకాశం ముందే వచ్చింది. నదితో కలిసి ఉన్న భూగర్భ జలాన్ని కూడా వాటాల్లో చేర్చేందుకు 1971లో ఆ ఒక్క నది కోసమే చట్టం సవరించారు. 1980లో కోర్టు డిక్రీ వచ్చింది. నదికి ఇరుపక్కలా కొంత మేర గీత గీసి, ఆ లోపలి బావులను నదితో కలిసినవిగా గుర్తించింది. గీత అవతలి బావులను వదిలేసింది. నేల కింద అలాంటి గీత ఏదీ లేదు. అవతలి బావి తోడినా నది తగ్గుతుంది, కాకపోతే ఆలస్యంగా తగ్గుతుంది.

1997లో ఇక్కడి కోహోను సమాఖ్య ప్రభుత్వం ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించింది. 2002 సెప్టెంబర్‌లో దిగువ క్లామత్‌లో తక్కువ నీరు, వేడి, ఇరుకు, వాటితో వచ్చిన రోగాలు కలిసి కనీసం 34 వేల చేపలను పొట్టన పెట్టుకున్నాయి. 2010లో ఎన్విరాన్‌మెంటల్ లా ఫౌండేషన్, పసిఫిక్ తీర జాలర్ల సంఘాల సమాఖ్య కోర్టుకు వెళ్లాయి. నదులను ప్రజల తరఫున కాపాడే బాధ్యత ప్రభుత్వానిది కాబట్టి, నదిని ఎండగట్టే బావుల విషయంలోనూ ఆ బాధ్యత ఉందన్నది వాళ్ల వాదన. 2018 ఆగస్టు 29న అప్పీల్ కోర్టు అవునంది. 2014లో వచ్చిన భూగర్భ జల చట్టం ఉన్నా సరే ఆ బాధ్యత పోదని స్పష్టం చేసింది. ఈ మాట ముఖ్యం. ఎందుకంటే 2015 జనవరికి ముందు జరిగిన నష్టాన్ని సరిచేయాలని 2014 చట్టం ఎవరినీ బలవంతపెట్టదు. స్కాట్ నదికి జరిగిన నష్టంలో చాలా భాగం అంతకు ముందుదే.

2021 కరువులో రాష్ట్ర జల మండలి అత్యవసర నిబంధనలు తెచ్చి రెండు నదులకూ కనీస ప్రవాహం నిర్ణయించింది, బావులనూ వాటి పరిధిలోకి తెచ్చింది. తోడడం పూర్తిగా ఆపలేని రైతులకు ఒప్పందం దారి చూపింది: స్కాట్ లోయలోనైతే 2020తో పోలిస్తే పంట కాలంలో 30 శాతం తక్కువ తోడాలి. 2022 ఆగస్టులో షాస్తా దగ్గర ఒక నీటి సంఘం ఆదేశాన్ని కాదని వారం రోజులు మోటార్లు నడిపితే నదిలో ప్రవాహం దాదాపు మూడింట రెండు వంతులు తగ్గిపోయింది. పడిన జరిమానా 4,000 డాలర్లు. పశువులకు నీళ్లు లేవన్న ఆ రైతుల బాధ నిజమైనదే. కానీ ఆ జరిమానా ఏ నదినీ కాపాడలేదు.

2024 నాటికి క్లామత్ మీది నాలుగు ఆనకట్టలు తొలగిపోయాయి, ఆ అక్టోబర్‌లోనే చినూక్ సాల్మన్ ఒరెగాన్ దాకా ఎక్కింది. స్కాట్, షాస్తా కలిసేది ఆ ఆనకట్టల కంటే దిగువన. కాబట్టి వీటి కష్టం ఆనకట్టలు తీసేస్తే తీరేది కాదు. లోయలో పని మాత్రం జరుగుతోంది. స్కాట్ నది వాటర్‌షెడ్ కౌన్సిల్ 2014లో వాగు అడుగున కర్రలు పాతి, మధ్యలో కొమ్మలు అల్లి, కాలిఫోర్నియాలోనే తొలిసారిగా బీవర్ కట్టల్లాంటివి కట్టింది. షుగర్ క్రీక్‌లో వాటి వెనక నిలిచిన నీటిలో కోహో పిల్లలు పెరుగుతున్నాయి. చలికాలపు వరద నీటిని పొలాల్లోకి మళ్లించి ఇంకించే ప్రయోగాలూ జరిగాయి.

2023లో కారుక్ తెగ, జాలర్ల సమాఖ్య స్కాట్ నదికి శాశ్వత కనీస ప్రవాహం నిర్ణయించమని జల మండలిని కోరాయి. ఆ నిబంధన రాసేవాళ్లు థీస్ చెప్పిన ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకోవాలి. దూరపు బావిలో మే నెలలో తోడిన నీరు నదిలో లోటుగా తేలేది వారాలు, నెలలు గడిచాకే. ఆగస్టులో నది ఎండాక మోటార్లు ఆపితే ఆ మడుగుల్లోని పిల్లలకు అందేదేమీ ఉండదు. తోడే నీటిలో కోత ఏప్రిల్ నుంచే మొదలుకావాలి, నష్టపోయే రైతుకు పరిహారం కూడా అప్పుడే ఖరారు కావాలి. కోహో దాదాపు ఎప్పుడూ మూడో ఏటే తిరిగొచ్చి గుడ్లు పెడుతుంది కాబట్టి, ఒక వేసవి పిల్లలు పోతే రెండేళ్ల తర్వాత ఆ నదికి రావలసిన చేపలు రావు.