ఈసీయూ ట్యూనింగ్: అంకెలు మార్చడం ఆఖరి పని

తన కారును తానే ట్యూన్ చేసుకోవాలని వచ్చేవాళ్లలో చాలామందికి తొందరంతా ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే చిన్న కంప్యూటర్, లోపలి టేబుల్‌లో (అంకెల పట్టికలో) అంకెలు మార్చడం మీదే. నేర్పే పనిలో ఉన్నవాడిగా నాకు కనిపించేది వేరు. ఇంజిన్లు ఎక్కువగా దెబ్బతినేది తప్పుడు కొలతను నమ్మి అంకె మార్చినప్పుడు. కింద చెప్పే అపోహల్లో సగానికి పైగా అక్కడే పుట్టాయి.

అపోహ: ఇది ఇంజనీర్లకు మాత్రమే అర్థమయ్యే విద్య.

1979లో బీఎండబ్ల్యూ 732ఐలో బాష్ మోట్రానిక్ వచ్చింది. ఇంధనాన్నీ స్పార్క్‌నూ ఒకే డబ్బా నడపడం దానితో మొదలైంది. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఈసీయూ చేసే పని మూడు ముక్కల్లో చెప్పొచ్చు: లోపలికి ఎంత గాలి వెళ్తోందో లెక్కకట్టడం, దానికి తగినంత పెట్రోలు పోయడం, తగిన క్షణంలో నిప్పు పెట్టడం. కావలసిన గణితం గుణకారాలు, భాగహారాలు, గ్రాఫ్ చదవడం. 2001లో బ్రూస్ బౌలింగ్, ఆల్ గ్రిప్పో రూపొందించిన మెగాస్క్విర్ట్ అనే ఈసీయూ కిట్‌ను ఎంతోమంది ఔత్సాహికులు ఇంట్లోనే టంకం వేసుకుని నడిపారు. ఇప్పుడు స్పీడ్యూయినో లాంటి ఓపెన్ సోర్స్ బోర్డులూ ఉన్నాయి. చదువుకన్నా ఓపిక ఎక్కువ కావాలి, అంతే.

అపోహ: కారులో ఉన్న ఆక్సిజన్ సెన్సర్‌తోనే ట్యూన్ చేసేయొచ్చు.

పాత కార్లలో ఉండే నారోబ్యాండ్ సెన్సర్ ల్యాంబ్డా 1 దగ్గర, అంటే గాలి, పెట్రోలు సరిగ్గా సరిపోయే చోట, అటా ఇటా అని మాత్రమే చెబుతుంది. దాని వోల్టేజీ 0.45 దగ్గర ఒక్కసారిగా ఎగిరి పడుతుంది. ఎంత లీన్ (పెట్రోలు తక్కువ), ఎంత రిచ్ (పెట్రోలు ఎక్కువ) అన్నది నమ్మదగ్గట్టుగా చెప్పలేదు. టర్బో ఇంజిన్ ఫుల్ లోడ్‌లో ల్యాంబ్డా 0.8 పరిసరాల్లో నడవాలి, అక్కడ దీనికి చూపు ఆనదు. ఎంత తేడా ఉందో అంకెలో చెప్పే వైడ్‌బ్యాండ్ సెన్సర్ తప్పనిసరి.

ఇంకోమాట. ఆలోచించడం మొదటి నుంచీ ల్యాంబ్డాలోనే అలవాటు చేసుకోండి. పెట్రోలుకు బరువు లెక్కన 14.7 భాగాల గాలి కావాలి, ఎక్కువ భాగం ఇథనాల్ ఉండే ఈ85 ఇంధనానికి సుమారు 9.8 చాలు. పెట్రోలు స్కేల్‌లో ఉన్న గేజ్ మాత్రం ల్యాంబ్డా 1 దగ్గర రెండింటికీ 14.7 అనే చూపిస్తుంది. ఇంధనం మార్చిన రోజు ఈ ఒక్క విషయం దగ్గరే జనం తికమక పడతారు.

అపోహ: వీఈ టేబుల్ సరిచేస్తే ఫ్యూయల్ పని అయిపోయినట్టే.

దీని దగ్గర కాస్త ఆగుదాం. వీఈ టేబుల్ అంటే ఏ ఆర్‌పీఎమ్, ఏ లోడ్ దగ్గర సిలిండర్ ఎంత బాగా గాలి నింపుకుంటుందో చెప్పే గళ్ల పట్టిక. కొత్తవాళ్ల వారాలన్నీ ఇక్కడే కరిగిపోతాయి.

పెద్ద ఇంజెక్టర్లు వేశారు. ఐడ్లింగ్ నిలవడం లేదు. వెంటనే వీఈ టేబుల్‌లో ఆ మూల గళ్లు పైకీ కిందికీ లాగడం మొదలవుతుంది. అసలు దోషి చాలాసార్లు ఇంజెక్టర్ డెడ్ టైమ్. కరెంటు అందిన తర్వాత ఇంజెక్టర్ నిజంగా తెరుచుకోవడానికి కొంత సమయం పడుతుంది, ఆ సమయంలో పెట్రోలు రాదు. ఐడ్లింగ్‌లో మొత్తం పల్స్ 2.5 మిల్లీసెకన్లు, డెడ్ టైమ్ 1 మిల్లీసెకను అనుకోండి. పెట్రోలు పడేది 1.5 మిల్లీసెకన్లే. డెడ్ టైమ్ 0.3 తప్పుగా ఇస్తే ఇంధనంలో తేడా 20 శాతం. అదే తప్పు ఫుల్ లోడ్‌లో 15 మిల్లీసెకన్ల పల్స్ మీద 2 శాతమే. అందుకే పైన అంతా బాగుండి కింద మాత్రమే తేడా కొడుతుంటే నా అనుమానం ముందు వీఈ మీదికి పోదు.

వీఈ అంకెలు వంచి దీన్ని కప్పిపుచ్చవచ్చు. కానీ డెడ్ టైమ్ బ్యాటరీ వోల్టేజీతో మారుతుంది. రేడియేటర్ ఫ్యాన్, హెడ్‌లైట్లు కలిసి వెలగగానే వోల్టేజీ పడుతుంది, ఇంజెక్టర్ ఆలస్యంగా తెరుచుకుంటుంది, కప్పిపెట్టిన తప్పు బయటపడి ఇంజిన్ ఆగిపోతుంది. కాబట్టి మొదట ఇంజెక్టర్ తయారీదారు ఇచ్చిన ఫ్లో, డెడ్ టైమ్ వివరాలు. తర్వాత ఫ్యూయల్ ప్రెషర్‌ను గేజ్ పెట్టి చూడటం. ఆ తర్వాతే వీఈ.

అపోహ: రిచ్‌గా ఉంచితే భద్రం.

కొంతవరకే. హద్దు దాటితే పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది, ఆయిల్‌లో కలిసి దాన్ని పలుచన చేస్తుంది, ప్లగ్‌లను మసి పట్టిస్తుంది.

అసలు ఉచ్చు ఇంకొకటి. మరీ రిచ్ అయి మిస్‌ఫైర్ వస్తే, అంటే మిశ్రమం సరిగ్గా అంటుకోకపోతే, ఆ సిలిండర్‌లో కాలని ఆక్సిజన్ ఎగ్జాస్ట్‌లోకి పోతుంది. వైడ్‌బ్యాండ్ కొలిచేది దాన్నే, కాబట్టి తెర మీద లీన్ అని చూపిస్తుంది. ట్యూనర్ కంగారుపడి ఇంకా పెట్రోలు పెంచుతాడు, మిస్‌ఫైర్ ఇంకా పెరుగుతుంది. సెన్సర్‌కు ముందు ఎగ్జాస్ట్ లీక్ ఉన్నా ఐడ్లింగ్‌లో ఇదే అబద్ధం. లీన్ అని కనబడగానే చెయ్యి టేబుల్ మీదికి పోకూడదు. ముందు చెవి పెట్టి ఇంజిన్ శబ్దం వినండి, జాయింట్లు చూడండి.

అపోహ: ఆటోట్యూన్ ఉంది కదా, అదే చూసుకుంటుంది.

అది లక్ష్యంగా ఇచ్చిన ల్యాంబ్డాకు తగ్గట్టు ఫ్యూయల్ టేబుల్‌ను దిద్దుతుంది. స్పార్క్ జోలికి పోదు, ఆ లక్ష్యం సరైనదో కాదో దానికి తెలియదు. పైన చెప్పిన మిస్‌ఫైర్ అబద్ధాన్ని కూడా అమాయకంగా నమ్మేస్తుంది.

అపోహ: టైమింగ్ ఎంత ముందుకు జరిపితే అంత పవర్.

స్పార్క్‌ను ముందుకు జరుపుతూ పోతే టార్క్ పెరుగుతుంది, పెరుగుదల మందగిస్తుంది, చదునవుతుంది, తర్వాత తగ్గుతుంది. అత్యధిక టార్క్ ఇచ్చే అతి తక్కువ అడ్వాన్స్‌ను ఎంబీటీ అంటారు. ఆ చదునైన చోట చివరి రెండు డిగ్రీలు తెచ్చే లాభం అత్యల్పం, పెంచే ప్రమాదం మాత్రం చిన్నది కాదు. మామూలు పెట్రోలు మీద నడిచే టర్బో ఇంజిన్‌లో అయితే చాలా చోట్ల ఎంబీటీ చేరకముందే నాక్ (మిశ్రమం తనంతట తాను పేలినట్టు కాలడం) ఎదురవుతుంది. ఆగాల్సింది అక్కడికి కొంత ఇవతలే.

నాక్ సెన్సర్ కాపాడుతుందిలే అంటారా? అది బ్లాక్ కంపనాన్ని వినే మైక్రోఫోన్ లాంటిది. ఫోర్జ్‌డ్ పిస్టన్ల చప్పుడును నాక్ అనుకోగలదు, గోలలో పడి నిజమైన నాక్‌ను వదిలేయనూ గలదు. పైగా అది చెప్పేది జరిగిపోయాక.

అపోహ: హై ఆక్టేన్ పెట్రోలులో శక్తి ఎక్కువ.

ఆక్టేన్ అంటే నాక్‌ను తట్టుకునే గుణం. దాన్ని వాడుకునేలా టైమింగో బూస్టో (టర్బో తోసే గాలి పీడనం) మారకపోతే పవర్ రాదు.

అపోహ: బూస్ట్ టేబుల్ ఒక్కటి పెంచితే చాలు.

పాత ఈసీయూల్లో ఈ ఆట కొంత సాగేది. బాష్ ఎంఈ7 తరం నుంచి లెక్క టార్క్ మీద నడుస్తోంది. యాక్సిలరేటర్ తొక్కడం అంటే టార్క్ అడగడం. ఈసీయూ దాన్ని లోడ్‌గా మార్చుకుని థ్రాటిల్‌నూ బూస్ట్‌నూ స్పార్క్‌నూ నడుపుతుంది. ఒక్క టేబుల్ పెంచితే మరోచోట ఉన్న పరిమితి థ్రాటిల్ మూసేస్తుంది. లాగ్‌లో (నడుస్తుండగా రికార్డు చేసిన అంకెల్లో) పెడల్ 100 శాతం, థ్రాటిల్ 60 శాతం కనబడితే విషయం అదే. ఏ పరిమితి అడ్డుపడుతోందో, అది ఎందుకు ఉందో తెలియకుండా అన్నిటినీ గరిష్ఠానికి తోసేసిన ఫైళ్లు తిరుగుతుంటాయి. అలాంటిది ఎవరైనా ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి.

అపోహ: డైనో అంకె ఎంత పెద్దదైతే ట్యూన్ అంత మంచిది.

డైనో అంటే కారు పవర్, టార్క్ కొలిచే యంత్రం. ఒకే కారు రెండు డైనోల మీద రెండు అంకెలు చూపిస్తుంది. గాలి ఉష్ణోగ్రత, కరెక్షన్ పద్ధతి, టైర్ ప్రెషర్ అన్నీ ప్రభావం చూపేవే. అదే డైనో మీద, అదే రోజు, మార్పుకు ముందూ తర్వాతా తేడా ఎంత అన్నదే పనికొచ్చే సమాచారం. నేర్చుకునేవాళ్లకు బ్రేక్ ఉన్న లోడ్ డైనో మేలు. ఆర్‌పీఎమ్‌ను ఒకచోట పట్టి ఉంచి గడి తర్వాత గడి చూసుకోవచ్చు. పార్ట్ థ్రాటిల్ ఫ్యూయల్ పనిని రోడ్డు మీద లాగ్ తీసి చేసుకోవచ్చు, కానీ ల్యాప్‌టాప్ పక్క సీటులో ఇంకొకరి చేతిలో ఉండాలి. ఫుల్ థ్రాటిల్ పరుగులకు పబ్లిక్ రోడ్డు చోటు కాదు.

అపోహ: ఫ్లాష్ చేస్తే ఈసీయూ చచ్చిపోతుంది.

ఫ్లాష్ అంటే ఈసీయూలోకి కొత్త ఫైల్ రాయడం. మధ్యలో వోల్టేజీ పడిపోతే ఆ ప్రమాదం నిజమే. స్థిరమైన పవర్ సప్లై తగిలించండి, ఒరిజినల్ ఫైల్‌ను ముందే చదివి రెండు చోట్ల దాచండి. ఆగిపోయినవాటిలోనూ చాలావాటిని బెంచ్ మీద పెట్టి మళ్లీ రాయొచ్చు.

అపోహ: ఫుల్ థ్రాటిల్ సరిగ్గా వచ్చిందంటే ట్యూన్ పూర్తయినట్టే.

ఫుల్ థ్రాటిల్ తేలిక, అక్కడ చూడాల్సిన గళ్లు తక్కువ. ఏళ్లు గడిచినా నాకు ఎక్కువ సమయం తినేది కోల్డ్ స్టార్టే. ఇంజిన్ పూర్తిగా చల్లారితేనే ఒక ప్రయత్నం. క్రాంకింగ్ పల్స్, స్టార్ట్ అయ్యాక ఇచ్చే అదనపు ఇంధనం, వేడెక్కే దాకా ఇచ్చేది, ఈ మూడూ వేర్వేరు టేబుళ్లు. ఒకటి మార్చారంటే ఫలితం చూడటానికి మళ్లీ ఇంజిన్ చల్లారేదాకా ఆగాలి. మూడూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఇంజిన్ వేడిగా ఉండగా ఇది తేల్చుకునే దారే లేదు.