జ్ఞానదంతం వేర్ల ఆకారం, శస్త్రచికిత్స: అపోహలు - వాస్తవాలు

జ్ఞానదంతం తీయించుకోవడానికి వచ్చేవారు సాధారణంగా అది ఎంతవరకు బయటికి వచ్చిందనే అడుగుతారు. శస్త్రచికిత్స చేసే మేము మాత్రం ఎక్స్‌రేలో పన్ను లోతుతో పాటు వేర్లను కూడా చూస్తాం. అవి ఎన్ని ఉన్నాయి, కలిసి ఉన్నాయా విడిపోయాయా, కొసలు ఎటు తిరిగాయి అన్నదాన్ని బట్టే ఆ పన్ను ఎలా బయటికి రాగలదో తెలుస్తుంది.

అపోహ: పూర్తిగా పైకి వచ్చిన జ్ఞానదంతాన్ని తీయడం తేలిక, చిగుళ్ల కింద దాగినదే కష్టం.

వాస్తవం: చాలాసార్లు అది నిజమే, కానీ ఎప్పుడూ కాదు. కింది జ్ఞానదంతానికి సాధారణంగా రెండు వేర్లు, పైదానికి మూడు ఉంటాయి. మిగతా దవడ పళ్లతో పోలిస్తే ఇక్కడ వేర్లు అతుక్కుపోయి శంకువు ఆకారంలో ఉండటం ఎక్కువ. అటువంటి పన్ను ఎముకలో కొంత కూరుకుపోయి ఉన్నా పట్టు సడలగానే వచ్చేస్తుంది. చక్కగా పైకి వచ్చిన పన్నుకే వేర్లు రెండు వైపులా విచ్చుకుని, వాటి వెడల్పు పంటి మెడ (తల, వేర్లు కలిసే చోటు) వెడల్పును మించి ఉంటే, అది నేరుగా పైకి రాలేదు. ఎలివేటర్‌తో, అంటే పన్నును కదిలించి లేపే పనిముట్టుతో, తిప్పినప్పుడు పన్ను కాస్త కదిలి, చేయి వదులు చేయగానే మళ్లీ తన చోటికే చేరుతుంటే, వేర్ల నడుమ ఉన్న ఎముక దాన్ని పట్టి ఉంచిందని అర్థం. అక్కడ బలం పెంచితే వేరు విరుగుతుంది, అరుదుగా దవడ ఎముకే విరగవచ్చు.

అపోహ: పన్నును ముక్కలు చేశారంటే పని చెడిందన్నమాట.

వాస్తవం: అది చాలావరకు ముందే నిర్ణయించుకుని చేసే పని. వేర్లు చీలే చోటి వరకు బర్‌తో (గిర్రున తిరిగే కోత మొనతో) గాడి చేస్తాం కానీ, నాలుక వైపు ఎముక పొర పలుచగా ఉండి నాలుక నాడి దానికి దగ్గరగా వెళుతుంది కనుక, ఆ వైపున పూర్తిగా కోయకుండా ఆపి, మిగిలిన భాగాన్ని ఎలివేటర్‌తో మెలితిప్పి చీలుస్తాం. అప్పుడు పటుక్కుమని వినిపిస్తుంది. మత్తు ఇంజక్షన్ నొప్పిని ఆపుతుంది గానీ శబ్దాన్నీ ఒత్తిడినీ ఆపదు, అందుకే ఈ మాట ముందుగా చెప్పడం మంచిదని నా అభిప్రాయం. విడిపోయాక ఒక్కో వేరు తన వంపు వెంబడి వస్తుంది, తొలగించవలసిన ఎముక కూడా తగ్గుతుంది.

అపోహ: వంకర వేరు ఎప్పుడూ కష్టమే.

వాస్తవం: ఎటు వంగిందన్నది ముఖ్యం. కింది దవడలో ముందుకు ఒరిగిన జ్ఞానదంతం బయటికి వచ్చేటప్పుడు వెనక్కి తిరుగుతూ పైకి లేస్తుంది. కొసలు వెనక్కి కొద్దిగా వంగి ఉంటే ఆ వంపు పన్ను వచ్చే దారితో కలిసిపోతుంది. ముందుకు వంగి ఉంటే విరిగే అవకాశం ఎక్కువ. నిటారుగా ఉన్న వేరు సైతం, సిమెంటం (వేరును కప్పి ఉండే గట్టి పొర) పేరుకుని కొసన ఉబ్బి ఉంటే మొరాయిస్తుంది.

అపోహ: అసలు వేరే ఏర్పడక ముందు తీసేస్తే అన్నిటికంటే తేలిక.

వాస్తవం: వేరు లేని పన్ను ఎముక గూటిలో గోళీలా దొర్లుతుంది, పట్టుకు దొరకదు. వేరు మూడింట ఒకటి నుంచి రెండు వంతులు ఏర్పడిన దశ అనుకూలమైనది. ఆ తరువాత కొసలు కింది దవడ ఎముక లోపల సాగే నాడికి (పెదవికి, గడ్డానికి స్పర్శ ఇచ్చేది) చేరువవుతాయి, వయసుతో ఎముక గట్టిపడుతుంది. ఇబ్బంది లేని ప్రతి జ్ఞానదంతాన్నీ ఆ వయసులో తీయించుకోవాలని దీని అర్థం కాదు.

పై పన్ను తీస్తే చూపు తగ్గుతుందన్న భయానికి ఆధారం లేదు. ఆ వేర్లకు పొరుగున ఉండేది సైనస్ (చెంప ఎముకలోని గాలి గది), కంటి నాడి కాదు.

అపోహ: ఎక్స్‌రేలో వేర్లు పూర్తిగా తెలిసిపోతాయి.

వాస్తవం: ఓపీజీ, అంటే రెండు దవడలనూ ఒకేసారి చూపే ఎక్స్‌రే, ఒక చదునైన నీడ మాత్రమే. బుగ్గ వైపుకో నాలుక వైపుకో తిరిగిన వంపు, మరో వేరు వెనుక దాగిన వేరు అందులో తెలియకపోవచ్చు. నాడి వెళ్లే కాలువకు అంచుగా కనిపించే తెల్లని గీత వేరు దగ్గర తెగినా, కాలువ దారి మళ్లినా, వేరు మీద నల్లని పట్టీ కనిపించినా వేరు నాడిని ఆనుకుని ఉండవచ్చు కనుక సీబీసీటీ (అన్ని వైపుల నుంచీ చూపే త్రీడీ) స్కాన్ తీయించమంటాం. అది అందరికీ అక్కర్లేదు.

అపోహ: వేరు ముక్క లోపల మిగిలితే అది నిర్లక్ష్యమే.

వాస్తవం: ఇన్‌ఫెక్షన్ లేని కొన్ని మిల్లీమీటర్ల కొస నాడిని ఆనుకుని లోతుగా ఉంటే, దాని కోసం ఎముకను తవ్వడం వల్ల పెదవి, గడ్డం తిమ్మిరెక్కే ప్రమాదమే పెద్దది కావచ్చు. అప్పుడు రోగికి చెప్పి, కేసు కాగితంలో రాసి, దాన్ని వదిలివేయడం సమంజసం. వేర్లు నాడిని చుట్టుకుని ఉన్నాయని ముందే తెలిస్తే పంటి తల భాగాన్ని మాత్రమే కోసి తీసే కరోనెక్టమీ అనే పద్ధతి ఉంది. పంటి వేర్లకు ఇన్‌ఫెక్షన్ సోకినా, అవి కదులుతున్నా దాన్ని ఎంచుకోం. మిగిలిన వేర్లు తరువాతి నెలల్లో కొంత పైకి జరగడం మామూలే. కొందరికి వాటిని తీయడానికి రెండోసారి శస్త్రచికిత్స అవసరమవుతుంది, అయితే అప్పటికి అవి సాధారణంగా నాడికి దూరంగా జరిగి ఉంటాయి.