కిడ్నీ మార్పిడి ఫలితాలను ఏ రోజు నుంచి లెక్కపెట్టాలి?

ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం, రాయగడ వైపు తెలుగువాళ్లు కిడ్నీ మార్పిడికి విశాఖపట్నం వెళ్లాలా, కటక్, భువనేశ్వర్ వెళ్లాలా అని ఆలోచించేటప్పుడు మొదట అడిగేది సక్సెస్ రేటు గురించే. 95 శాతం అని జవాబు వస్తుంది. ఆ అంకెలో ఆపరేషన్ అయినవాళ్లే ఉంటారు. పేరు రాయించుకుని, డయాలసిస్ చేయించుకుంటూ ఎదురుచూపుల్లోనే కన్నుమూసినవాళ్లు ఎక్కడా కనిపించరు. రోగికి మాత్రం లెక్క మొదలయ్యేది పేరు నమోదైన రోజునే.

అమెరికాలో ఎస్.ఆర్.టి.ఆర్. అనే అవయవ మార్పిడుల రిజిస్ట్రీ ప్రతి ఆరు నెలలకూ ఒక్కో మార్పిడి కేంద్రం వివరాలు బయటపెడుతుంది. లిస్టులో ఉన్నవాళ్లకు ఎంత వేగంగా అవయవం దొరుకుతోంది, ఈలోగా ఎంతమంది చనిపోతున్నారు, అమర్చిన అవయవం ఏడాది తరవాత పనిచేస్తోందా అన్నవి అందులో వేరువేరుగా ఉంటాయి. రోగుల వయసు, షుగరు, దాత పరిస్థితి చూసి అక్కడ ఎంత నష్టం ఊహించవచ్చో ముందు లెక్కగట్టి, జరిగినదాన్ని దానితో పోలుస్తారు. లేకపోతే కష్టమైన కేసులు తీసుకునే ఆసుపత్రే చెడ్డదిగా కనిపిస్తుంది.

ఒక్క కొలమానాన్నే పట్టుకుంటే ఏమవుతుందో కూడా అక్కడే తేలింది. 2007లో ప్రభుత్వం ఏడాది ఫలితాలను కేంద్రాల గుర్తింపుతో ముడిపెట్టింది. దాంతో కేంద్రాలు రిస్కున్న రోగులనూ, కాస్త వయసు మళ్లిన దాతల కిడ్నీలనూ తీసుకోవడానికి జంకాయి. గుర్తింపు కొనసాగింపుకు పెట్టిన ఆ షరతును 2019లో తీసేశారు. ఇప్పుడైతే, తమకు ఇవ్వజూపిన కిడ్నీల్లో ఎన్నింటిని ఆ ఆసుపత్రి ఒప్పుకుందన్నదీ లెక్కలోకి వస్తోంది. నా దృష్టిలో రోగికి బాగా పనికొచ్చే అంకె ఇదే.

చిన్న కేంద్రాల విషయంలో తొందరపడకూడదు. పదిమందికి చేస్తే పదీ నిలిచాయంటే గొప్పగానే ఉంటుంది. కానీ ప్రతి పదింటిలో ఒకటి విఫలమయ్యే కేంద్రంలోనూ వరసగా పది నిలిచే అవకాశం 35 శాతం ఉంది. వరసగా 50 నిలిచే అవకాశం మాత్రం ఒక శాతం కూడా ఉండదు. శాతంతో పాటు ఎన్ని చేశారో అడగాలి.

అసలు చిక్కు ఆచూకీ తెలియనివాళ్ల దగ్గరుంది. ఉదాహరణకు 40 మార్పిడులు అనుకుందాం. ఏడాదికి 32 కిడ్నీలు పనిచేస్తున్నాయి, రెండు పాడయ్యాయి, ఒకరు కిడ్నీ పనిచేస్తుండగానే చనిపోయారు, ఐదుగురు మళ్లీ రాలేదు. ఆ ఐదుగురినీ విఫలమైనట్టు రాస్తే 80 శాతం. పక్కన పెడితే 91. వాళ్లంతా బాగున్నారనుకుని, చనిపోయిన మనిషిని లెక్కలోంచి తీసేస్తే 39కి 37, అంటే 95!

సరిహద్దు ఊళ్ల రోగులు ఈ ‘రానివాళ్ల’లో తేలిగ్గా చేరిపోతారు. ఆపరేషన్ ఒక రాష్ట్రంలో, రక్తపరీక్షలు ఇంకో రాష్ట్రంలో. పైగా అవయవదాన వ్యవస్థలో ఒడిశా కోల్‌కతా ప్రాంతీయ సంస్థ కిందికి, ఆంధ్ర చెన్నై కిందికి వస్తాయి. పేరు నమోదుకు స్థానికత అడగవద్దని 2023లో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలకు చెప్పింది. అయినా కేటాయింపులో బయటి రాష్ట్రం రోగి వంతు ఎప్పుడొస్తుందో నమోదుకు ముందే ఆసుపత్రిలో మార్పిడి వ్యవహారాలు చూసే ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌ని అడగాలి.

ఆపరేషన్ ఒకచోట, పరీక్షలు ఇంకోచోట అయినప్పుడు పరీక్షల్లోనూ పొరపాటు జరుగుతుంది. కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా ఇచ్చే టాక్రోలిమస్ మందును రోజుకు రెండుసార్లు వేసుకునేవాళ్లు రాత్రి డోసుకు 12 గంటల తరవాత, పొద్దున డోసు వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. మాత్ర వేసుకుని ల్యాబుకు వెళితే రక్తంలో మందు స్థాయి ఎక్కువగా కనిపిస్తుంది. అది నమ్మి డాక్టరు మందు తగ్గిస్తే, శరీరం కిడ్నీని తిరస్కరించడం మొదలై, కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ పెరగవచ్చు. ఆపరేషన్‌కు ముందే ఆసుపత్రిని రెండు విషయాలు అడగండి: ఏడాది లెక్కలో ఆచూకీ లేనివాళ్లు ఎంతమంది, రిపోర్టు రాకపోతే ఫోన్ చేసేదెవరు?