తరగతి గదిలో టెక్నాలజీ: కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను ఫిజిక్స్, లెక్కలు చెబుతాను. క్లాసులో ప్రొజెక్టర్ వాడతాను, ట్యాబ్‌లు వాడతాను, అవసరమైతే ఏఐ కూడా. స్టాఫ్‌రూమ్‌లో వీటి గురించి పదే పదే వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి, వాటికి నా సమాధానాలు ఇక్కడ రాసి పెడుతున్నాను.

అపోహ: స్క్రీన్ మీద చూపిస్తే పిల్లలకు ఇట్టే అర్థమైపోతుంది.

వాస్తవం: అర్థమైపోయినట్టు అనిపిస్తుంది, చిక్కంతా అక్కడే. ఒకే రకం బల్బులు రెండు సిరీస్‌లో, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా ఒకే దారిలో, కలిపిన సర్క్యూట్ తీసుకోండి. కరెంటు మొదటి బల్బులో కొంత ఖర్చయిపోయి, మిగిలిందే రెండోదానికి వెళ్తుందని చాలామంది పిల్లలు గట్టిగా నమ్ముతారు. యానిమేషన్ వేసి వివరిస్తే అందరూ తలలూపుతారు, పరీక్షలో మళ్లీ అదే రాస్తారు. దానికి బదులు కంప్యూటర్ తెర మీదే ప్రయోగం చేసి చూసే ఫెట్ (PhET) సిమ్యులేషన్ తెరవండి (నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో యూనివర్సిటీలో మొదలుపెట్టిన ప్రాజెక్టు, ఉచితం), సర్క్యూట్ కట్టి, స్విచ్ వేయకుండా ఆగి, ఏ బల్బు ఎక్కువ వెలుగుతుందో, ఎందుకో నోట్‌బుక్‌లో రాయమనండి. అందరూ రాశాకే స్విచ్. రెండూ సమానంగా వెలుగుతాయి. "సార్, బ్యాటరీ తిప్పి పెట్టి చూడండి" అని ఎవరో ఒకరు అంటారు, తిప్పినా ఏమీ మారదు, అప్పుడు కరెంటు ఎంతో కొలిచే అమ్మీటర్‌ని మొదటి బల్బుకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి వాళ్లచేతే పెట్టించండి. రీడింగ్ ఒకటే వచ్చేసరికి వాళ్లలో వాళ్లకు వాదన మొదలవుతుంది, మనం నోరు మూసుకుని వినాల్సిన సమయం అదే. వీలైతే అదే వారంలో నిజం బల్బులతోనూ చేయించండి. సిమ్యులేషన్‌లో వైరు ఎప్పుడూ లూజ్ అవ్వదు, ల్యాబ్‌లో అవుతుంది, అది వెతికి పట్టుకోవడమూ చదువే.

అపోహ: క్విజ్ యాప్ పెడితే చాలు, క్లాసంతా హుషారు.

హుషారు నిజమే, కాకపోతే టైమరు, ర్యాంకుల బోర్డు పెట్టగానే ఆలోచించి నొక్కేవాళ్లు వెనకబడిపోతారు, తోచింది నొక్కేవాళ్లు ముందుకొస్తారు. నేను ఆ రెండూ ఆపేసి వాడతాను. ఇక ప్రశ్న విషయానికొస్తే, దాని బలమంతా తప్పు ఆప్షన్లలో ఉంటుంది. 0.8, 0.45, 0.125లో ఏది పెద్దది అని అడిగితే 0.125 అన్న పిల్లాడు 125 పెద్ద సంఖ్య కదా అనుకున్నాడని తెలిసిపోతుంది, అదే ఊరికే "అర్థమైందా?" అంటే "అయింది సార్" తప్ప ఇంకేమీ రాదు. హార్వర్డ్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ 1990ల మొదటి నుంచీ వాడుతున్న పద్ధతి ఇక్కడ బాగా పనికొస్తుంది. ముందు ఎవరికి వాళ్లే ఓటు వేయాలి. సరైన జవాబు సుమారు 30 నుంచి 70 శాతం మందికి వస్తే, జవాబు చెప్పకుండా పక్కవాళ్లతో వాదించుకోమని మళ్లీ ఓటు వేయించాలి. యాప్ లేకపోతే ఎ, బి, సి అని రాసిన అట్టముక్కలు చాలు, నిజంగా చాలు.

అపోహ: ఈ కాలం పిల్లలు, వాళ్లకు మనం నేర్పేదేముంది?

"డిజిటల్ నేటివ్స్" (పుట్టినప్పటి నుంచీ టెక్నాలజీ మధ్యే పెరిగినవాళ్లు) అనే మాటను అమెరికా రచయిత మార్క్ ప్రెన్స్‌కీ 2001లో ప్రచారంలోకి తెచ్చాడు, అప్పటి నుంచీ అది మనల్ని వదలడం లేదు. వేలితో రీల్స్ తోసేసే పిల్లలకే సేవ్ చేసిన ఫైల్ ఎక్కడికి పోయిందో తెలియదు, సెర్చ్‌లో మొదట వచ్చింది ప్రకటనో కాదో తెలియదు. నేర్పాలి.

అపోహ: ఒక్కొక్కరికి ఒక్కో ల్యాప్‌టాప్ ఇచ్చేస్తే మార్కులు వాటంతటవే పెరుగుతాయి.

పెరూలో పల్లె బడుల్లో పెద్ద ఎత్తున ఇచ్చి చూశారు. 2012లో వచ్చిన అధ్యయనంలో కంప్యూటర్ వాడకమైతే పెరిగింది, లెక్కలు, భాష పరీక్షల్లో మాత్రం మెరుగుదల కనిపించలేదు. నన్నడిగితే చాలా పనులకు ఇద్దరికి ఒకటి ఇవ్వడమే మేలు, ఏం నొక్కాలో మాట్లాడుకోక తప్పదు కదా.

అపోహ: ఏఐతో రాశారో లేదో చెప్పే సాఫ్ట్‌వేర్ ఉంది, దొరికిపోతారు.

వాస్తవం: చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే అలాంటి టూల్‌ని 2023 జనవరిలో తెచ్చి, కచ్చితత్వం తక్కువని అదే ఏడాది జులైలో తీసేసింది. ఏఐ రాసింది ఇంత శాతం అని అలాంటి టూల్స్ చూపే అంకెలు చూసి పిల్లల్ని దొంగల్ని చేయకండి. రాసినవాడిని పక్కన కూర్చోబెట్టుకుని "ఈ రెండో పేరా ఎందుకు పెట్టావు?" అని అడిగితే రెండు నిమిషాల్లో సంగతి తెలిసిపోతుంది. చిత్తుప్రతి క్లాసులోనే చేతితో రాయించడం ఇంకా సులువు.

అపోహ: అసలు స్క్రీన్లే వద్దు.

చూపు సరిగా లేని పిల్లలకు అక్షరం పెద్దది చేసుకునే వీలు, వినికిడి తక్కువైన పిల్లలకు వీడియో కింద సబ్‌టైటిల్స్ ఎంత అవసరమో వాళ్లకు పాఠం చెప్పినవాళ్లను అడగండి. దీని గురించి ఇంతకంటే వాదన అక్కర్లేదు.

అపోహ: ఉచిత యాప్ కదా, పోయేదేముంది?

పిల్లల వివరాలు పోతాయి. 2022లో హ్యూమన్ రైట్స్ వాచ్ అనే మానవ హక్కుల సంస్థ 160కి పైగా చదువుల యాప్‌లు, సైట్లు పరిశీలిస్తే పదిలో దాదాపు తొమ్మిది పిల్లల సమాచారం విషయంలో వాళ్ల హక్కులకు ముప్పు తెచ్చేలా ఉన్నాయని తేలింది. లాగిన్ అక్కర్లేనివి ముందు చూడండి. పేరు తప్పనిసరిగా అడిగితే రోల్ నంబరో, పిల్లలే పెట్టుకున్న ముద్దుపేరో ఇవ్వండి, ఫోటో, పుట్టినతేదీ, ఫోన్ నంబర్ అడిగే యాప్ అయితే ఆ పేజీ దగ్గరే మూసేసి ఇంకోటి వెతుక్కోండి.